సంగటి ముద్ద నుంచి మునగాకు దాకా: రోజువారీ వంటలోనే పోషకాలు పెంచుకోవడం ఎలా

చియా గింజల పొట్లం ఒకటి కొని, రెండు రోజులు నీళ్ళలో నానబెట్టుకొని తాగి, మూడో రోజు నుంచి దాన్ని అల్మారాలో వెనక్కి నెట్టేసిన ఇల్లు తిరుపతిలో మాది ఒక్కటే కాదని నాకు తెలుసు. ఆ గింజల్లో దోషమేమీ లేదు, మా ఇంటి వంటలో వాటికి చోటు లేదు, అంతే. పొద్దున ఇడ్లీ లేదా దోసె, మధ్యాహ్నం అన్నం, పప్పు, చారు, మజ్జిగ, సాయంత్రం బొరుగులు, రాత్రికి మిగిలిన కూరతో చపాతీ అనే వరుసలో నానిన గింజల గ్లాసు ఎక్కడ ఇమడాలో ఎవరికీ తోచలేదు. అప్పటి నుంచి నేను పట్టుకొన్న పద్ధతి ఒకటే. కొత్త పదార్థం కోసం కొత్త వంటకాన్ని వెతకకుండా, వారం వారం మా పొయ్యి మీదికి ఎక్కే వంటకంలోనే దాన్ని కలుపుతాను. అది కూడా పైన అదనంగా కాకుండా, ఉన్నదాంట్లో కొంత తగ్గించి ఆ మేరకే చేరుస్తాను.

సూపర్‌ఫుడ్ అనే మాటకు పోషకాహార శాస్త్రంలో నిర్వచనం లేదు. అది వ్యాపార ప్రకటనల్లో పుట్టి పెరిగిన మాట; 20వ శతాబ్దం తొలినాళ్ళలో అమెరికాలో దాన్ని ప్రచారంలోకి తెచ్చినవి అరటిపండ్ల ప్రకటనలు. అంటే మన పెరట్లో గెల వేసిన అరటిచెట్టే ఆ బిరుదుకు తొలి హక్కుదారు. ఐరోపా సమాఖ్య 2007 నుంచి, తగిన ఆధారం చూపకుండా ఆ మాటను ఆహారపు పొట్లాల మీద వాడడాన్ని కట్టడి చేసింది. మాటను పక్కన పెడితే దాని వెనక ఉన్న ఆలోచన మాత్రం పనికొచ్చేదే: తిన్న పరిమాణానికి ఎక్కువ మాంసకృత్తులు, ఖనిజాలు, విటమిన్లు, పీచు ఇచ్చే పదార్థాలను ఎంచుకోవడం. ఆ లెక్కన చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో దొరికేవి ఏ దేశపు సరుకుకూ తీసిపోవు.

ముందుగా వారం వంటను రాసుకోవడం

ఏదీ కొనక ముందు, ఒక వారం పాటు ఇంట్లో ఏ పూట ఏం వండారో ఒక కాగితం మీద రాయాలి. ఈ పని చిన్నదిగా కనిపించినా దీన్ని దాటవేయకూడదు. మా కాగితం చూసుకొన్నప్పుడు తేలింది ఏమిటంటే, 21 పూటల్లో 15 పూటలు మేము తిన్నది తెల్లబియ్యమే, ఇడ్లీగానో దోసెగానో అన్నంగానో. ఆకుకూర వండింది రెండే రోజులు. పండు తిన్నది తోచినప్పుడు మాత్రమే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలు, రోజుకు రెండువేల కిలోకేలరీల ఆహారం తీసుకొనేవారు కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు తినాలని సూచిస్తున్నాయి. నలుగురున్న ఇంటికి అది రోజుకు కిలోన్నర పైచిలుకు కూరగాయలు. మా సంచీ ఎప్పుడూ అంత బరువు తూగలేదు.

కాగితం సిద్ధమయ్యాక అందులో ఒక్క పూటను మాత్రమే ఎంచుకొని మార్చాలి. ఆ మార్పు ఇంట్లో వాళ్ళు గొణగకుండా తినే స్థితికి వచ్చాక, అంటే సుమారు రెండు వారాల తర్వాత, రెండో పూట జోలికి వెళ్ళాలి. ఒకేసారి అన్నీ మార్చిన ఇళ్ళలో నెల తిరిగేసరికి ఒక్కటీ మిగలదు. పైగా పీచు పదార్థం ఒక్కసారిగా పెరిగితే కడుపు ఉబ్బరం, గ్యాసు వచ్చి, తప్పు రాగుల మీదికో ఉలవల మీదికో పోతుంది.

రాగులు

మొదటి మార్పుగా రాగులను సూచించడానికి కారణం, మన ప్రాంతంలో దాన్ని కొత్తగా అలవాటు చేయనక్కరలేదు. మరచిపోయినదాన్ని గుర్తుచేస్తే చాలు. పలమనేరు, కుప్పం, పుంగనూరు వైపు ఇళ్ళలో సంగటి ఇప్పటికీ రోజువారీ తిండి. తిరుపతి గంగమ్మ జాతరలో అంబలి నైవేద్యం అవుతుంది. తిరుపతి పక్కనే ఉన్న పెరుమాళ్ళపల్లె వ్యవసాయ పరిశోధన స్థానం రాగుల మీద పనిచేసి వకుళ వంటి రకాలను రైతులకు అందించింది. పట్టణంలో స్థిరపడ్డ మా తరమే సంగటిని ఆదివారం నాటుకోడి పులుసు పక్కన పెట్టే విలాసంగా మార్చుకొంది.

జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో సుమారు 364 మిల్లీగ్రాముల కాల్షియం, 11 గ్రాముల పీచు ఉన్నాయి. అంతే తూకం తెల్లబియ్యంలో కాల్షియం 8 మిల్లీగ్రాములకు మించదు. పెద్దవారికి రోజుకు కావలసిన కాల్షియం 1000 మిల్లీగ్రాములు కనుక, 60 గ్రాముల పిండి పట్టే ఒక ముద్ద అందులో అయిదో వంతును అందిస్తుంది. ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. పిండిపదార్థం విషయంలో రాగులకూ బియ్యానికీ పెద్ద తేడా లేదు. సంగటి తింటే మధుమేహం తగ్గుతుందని చెప్పుకొని రెండు పెద్ద ముద్దలు లాగించేవారిని నేను చూశాను; ముద్ద పరిమాణం తగ్గకపోతే చక్కెర కూడా తగ్గదు.

సంగటి చేయడం రాదని చాలామంది వెనకాడతారు కాబట్టి ఆ విధానాన్ని కొంచెం దగ్గరగా చూపిస్తాను. ఒక గ్లాసు బియ్యాన్ని, లేదా బియ్యపు నూకలను, అరగంట నానబెట్టి అయిదు గ్లాసుల నీళ్ళు, తగినంత ఉప్పు వేసి మందపాటి గిన్నెలో ఉడికించాలి. మెతుకు వేళ్ళ మధ్య పూర్తిగా నలిగిపోయేంత మెత్తబడినప్పుడు, పైన తేలే గంజిలో ఒక గ్లాసు తీసి పక్కన ఉంచుకోవాలి. ఇప్పుడు గ్లాసున్నర రాగి పిండిని అన్నం మీద గుట్టగా పోయాలి. ఈ దశలో ఏమాత్రం కలపకూడదు. కలిపితే ఉండలు కడతాయి. తెడ్డు కాడతో పిండి మధ్యలో అడుగుదాకా ఒక గుంత చేసి, మూత పెట్టి, సన్నని సెగ మీద పది నిమిషాలు వదిలేస్తే, ఆ గుంతలోంచి పైకి పొంగే గంజి పిండిని తడుపుతూ ఉడికిస్తుంది. పచ్చివాసన పోయి, పిండి అంచులు ముదురు గోధుమ రంగుకు తిరిగాక గిన్నెను కిందికి దించి, రెండు పాదాల మధ్య పాతగుడ్డతో అదిమి పట్టుకొని, తెడ్డుతో బలంగా గిన్నె అంచుకు అదుముతూ కెలకాలి. గట్టిగా అనిపిస్తే తీసి ఉంచిన గంజి కొద్దికొద్దిగా పోయాలి, పలచగా అనిపిస్తే మళ్ళీ రెండు నిమిషాలు సెగ చూపాలి. చెయ్యి తడుపుకొని ముట్టినప్పుడు అంటుకోకపోతే ముద్ద కట్టడానికి సిద్ధమైనట్టు. మా అవ్వ ముద్దను పళ్ళెంలో రెండు మూడు సార్లు గుండ్రంగా తిప్పి నున్నగా చేసేది. ఆ నునుపు నాకు ఇప్పటికీ రాలేదు, కానీ రుచిలో తేడా ఏమీ ఉండదు.

సంగటికి ఓపిక లేని రోజున దోసె పిండిలో నాలుగో వంతు బియ్యానికి బదులు రాగులను నానబెట్టి రుబ్బవచ్చు. మొదటిసారి నేను సగానికి సగం వేశాను. నల్లటి దోసె చూసి పిల్లలు పళ్ళెం జరిపేశారు, పిండి అంతా నేనూ మా ఆయనా మూడు రోజులు తిన్నాము. నాలుగో వంతు దాటకపోతే రంగు కొద్దిగా మారుతుందే తప్ప కరకర తగ్గదు. అలా పులిసిన పిండికి ఇంకొక లాభం ఉంది. రాగుల పొట్టులోని ఫైటేట్లు, టానిన్లు ఇనుమును పట్టి ఉంచి ఒంటికి పూర్తిగా పట్టనివ్వవు; నానబెట్టడం, మొలకెత్తించడం, పులియబెట్టడం వల్ల వాటి బలం తగ్గుతుంది. మొలకల పిండి కావాలంటే రాగులను ఒక రాత్రి నానబెట్టి, నీళ్ళు వంచి, పలచని గుడ్డలో మూటకట్టి ఒకటి ఒకటిన్నర రోజు వదిలి, తెల్లని మొలక కనిపించగానే నీడలో ఆరబోసి, కమ్మటి వాసన వచ్చేదాకా మాత్రమే వేయించి పిండి పట్టించుకోవాలి. రెండు చెంచాల పిండిని నీళ్ళలో ఉడికించి, చల్లారాక మజ్జిగ, చిన్న ఉల్లిపాయ ముక్కలు కలిపితే ఎండాకాలపు అంబలి. తిరుపతి ఎండల్లో పదకొండు గంటల వేళ సీసా పానీయానికి బదులుగా దీన్ని పెట్టుకోవచ్చు.

కొర్రలు, సామలు, అరికెలు, అండుకొర్రల గురించి ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినప్పటి నుంచి చాలా వింటున్నాము. వాటిని అన్నంలా వండుకోవడం సులభమే: గ్లాసుకు రెండున్నర నుంచి మూడు గ్లాసుల నీళ్ళు, అంతకు ముందు కొన్ని గంటలు నానబెట్టడం. పొట్టు పూర్తిగా తీసి తెల్లగా పాలిష్ పట్టినవాటిని కొంటే పీచు పోగొట్టుకొన్నట్టే కనుక మసక రంగు గింజలనే ఎంచుకోవాలి. సజ్జ పిండి మాత్రం ఎక్కువ కొనకూడదు. అందులోని కొవ్వు వల్ల అది తొందరగా చేదెక్కుతుంది.

మునగాకు

మా వీధిలో నాలుగు మునగచెట్లు ఉన్నాయి. కాయలకు పోటీ పడేవారే తప్ప ఆకు అడిగేవారు ఆషాఢ మాసంలో తప్ప కనిపించరు. ఆషాఢంలో మునగాకు తినాలన్న ఆచారం మంచిదే, మిగిలిన పదకొండు నెలలు మానేయాలని ఆచారం చెప్పలేదు. తాజా ఆకు 100 గ్రాముల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం, 6 గ్రాముల దాకా మాంసకృత్తులు, దండిగా సి విటమిన్, ఎ విటమిన్‌గా మారే బీటా కెరోటిన్ ఉంటాయి.

అయితే మునగాకు పొడి పొట్లాల మీద కనిపించే ‘పాలకంటే పదిహేడు రెట్ల కాల్షియం’ అనే మాటను కొంచెం లెక్క వేసి చూడాలి. ఆ పోలిక ఎండిన పొడి 100 గ్రాములకూ పాలు 100 గ్రాములకూ మధ్య చేసినది. ఎవరూ పొడిని 100 గ్రాములు తినరు. ఒక చిన్న చెంచాకు పట్టేది సుమారు 3 గ్రాములు. అందులోని కాల్షియం 60 మిల్లీగ్రాములు, అంటే కాఫీలో పోసుకొనే పాలంత. పొడి చెడ్డదని కాదు, ధర చూసి మోసపోవద్దని చెప్పడమే నా ఉద్దేశం. నేనే ఒకసారి మే నెలలో మిద్దె మీద ఎండలో ఆకు ఆరబోసి, సాయంత్రానికి గడ్డిలా గోధుమ రంగుకు తిరిగిన చెత్తను ఎత్తి పారేశాను. ఆరబెట్టాలనుకొంటే ఇంట్లో ఫ్యాను కింద, పలచని గుడ్డ మీద, మూడు నాలుగు రోజులు ఉంచితే ఆకు పచ్చదనం పోకుండా చేతిలో గలగలలాడుతుంది. అప్పుడు నలిపి గాజు సీసాలో పోసుకోవాలి.

తాజా ఆకును వాడడమే ఉత్తమం. రెమ్మలను ఒక పాత వార్తాపత్రికలో చుట్టి రాత్రి పక్కన పెడితే, పొద్దునకు సగం ఆకు దానంతట అదే రాలి ఉంటుంది; ఒక్కొక్కటీ వలుచుకొనే పని తప్పుతుంది. రైతు బజారులో ఆకుకూరలు అమ్మే ఒక పెద్దావిడ నేను ఈనెలన్నీ తుంచి పారేస్తుంటే చూసి, “లేత ఈనెలు పారేస్తారా మా, చార్లో ఏసుకోండి, వాసనకు బాగుంటాది” అని చెప్పింది. అప్పటి నుంచి మా ఇంట్లో చారు మరిగేటప్పుడు గుప్పెడు లేత ఈనెలు పడతాయి, వడ్డించేటప్పుడు తీసేస్తాము.

ఆకు చేదు అన్న ఫిర్యాదుకు రెండు మందులున్నాయి. ముదురాకు మానుకోవడం ఒకటి, శెనక్కాయల పొడి కలపడం రెండోది. మూకుడులో చెంచాడు నూనె, ఆవాలు, ఎండుమిర్చి, దంచిన వెల్లుల్లి వేగాక కడిగిన ఆకు వేసి, కొద్దిగా నీళ్ళు చిలకరించి, మూత లేకుండా ఏడెనిమిది నిమిషాలు మగ్గించి, చివర వేయించి దంచిన శెనక్కాయల పొడి రెండు చెంచాలు చల్లాలి. పొయ్యి ఆపాక సగం నిమ్మకాయ పిండాలి. ఈ నిమ్మరసం రుచికి మాత్రమే కాదు. ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి సరిగా పట్టాలంటే అదే ముద్దలో సి విటమిన్ ఉండాలి, ఆ విటమిన్ వేడికి నశిస్తుంది కనుక దించాకే పిండాలి. మహిళలకు రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలని భారత వైద్య పరిశోధన మండలి 2020లో సూచించింది. ఆకుకూరల నుంచి వచ్చే ఇనుములో కొద్ది భాగమే ఒంటికి పడుతుంది కనుక, ఎంత తిన్నామన్నదానితో సమానంగా దేనితో తిన్నామన్నదీ లెక్కలోకి వస్తుంది. టిఫిను ముగించిన వెంటనే కాఫీ తాగే మన అలవాటు ఇక్కడ నష్టం చేస్తుంది. కాఫీ, టీలలోని పదార్థాలు ఇనుమును అడ్డుకొంటాయి, ఒక గంట ఆగి తాగితే మంచిది. ఈ గంట ఆగడం నాకు సంగటి కెలకడం కంటే కష్టమైంది.

మిగతా ఆకుకూరల్లో తోటకూర, పొన్నగంటి, గోంగూర, మెంతికూర, వేసవి మొదట్లో వచ్చే చింతచిగురు అన్నీ ఈ వరుసలోనివే. గట్ల మీద దానంతట అదే పెరిగే గంగపాయల కూరలో చేపల్లో వెతుక్కొనే ఒమేగా-3 జాతి కొవ్వు కొంత ఉంటుంది. కందిపప్పుతో ఉడికించి పప్పుగుత్తితో ఎనిపితే ఏ ఆకైనా అన్నంలోకీ సంగటిలోకీ సరిపోతుంది. పప్పు వండే రోజుల్లో సగం రోజులు అందులో ఆకు పడేటట్టు చూసుకొంటే ఆకుకూర కోసం విడిగా వంట చేయనక్కరలేదు.

ఉలవలు, అనపలు, శెనక్కాయలు

ఉలవలను పశువుల దాణాగా చూసే చిన్నచూపు ఇంకా పోలేదు. వాటిలో 100 గ్రాములకు 22 గ్రాముల దాకా మాంసకృత్తులు, 8 మిల్లీగ్రాములకు పైగా ఇనుము ఉన్నాయి, ధర కందిపప్పు కంటే తక్కువ. రాత్రి నానబెట్టి, పొద్దున కుక్కరులో ఆరేడు విజిళ్ళు రానిచ్చి, ఉడికిన నీళ్ళను వంచి చారుకు వాడుకొని, గింజలను తాలింపు పెట్టి గుగ్గిళ్ళుగా సాయంత్రం తినాలి. సాయంత్రపు బజ్జీల స్థానంలో వారానికి రెండు రోజులు గుగ్గిళ్ళు పెట్టడం మా ఇంట్లో బాగా నిలిచిన మార్పుల్లో ఒకటి. ఉలవలు వేడి చేస్తాయని పెద్దలు చెప్పే మాటకు మా ఇంట్లో విరుగుడు మజ్జిగ గ్లాసు.

చలికాలం వస్తే అనపకాయలు. సంక్రాంతి ముందు చిత్తూరు మార్కెట్టులో వాటి గుట్టల దగ్గర నిలబడితే, వేళ్ళకు అంటుకొని సాయంత్రం దాకా పోని ఒక జిడ్డు వాసన ఉంటుంది. ఆ వాసన ఎంత గట్టిగా ఉంటే కాయ అంత మంచిదని లెక్క. గింజలు వలిచి రాత్రంతా నీళ్ళలో ఉంచి, మరునాడు ఒక్కొక్క గింజనూ బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి పితికితే తొక్క చేతిలో మిగిలి పప్పు గిన్నెలోకి ఎగిరిపడుతుంది. అదే పితికిపప్పు. కిలో కాయలు వలిచి పితకడానికి ఇద్దరు మనుషులకు ఒక టీవీ కార్యక్రమమంత సేపు పడుతుంది. పచ్చికొబ్బరి, ధనియాలు, వెల్లుల్లి నూరి వేసి పులుసు పెడితే సంగటికి అంతకు మించిన జోడు లేదు. పోషకాల దృష్టిలో చూసినా ఇది సరైన జోడే: ధాన్యంలో తక్కువగా ఉండే లైసిన్ అనే అమినో ఆమ్లం పప్పుజాతి గింజల్లో ఎక్కువగా ఉంటుంది. గింజలను బాగా ఉడికించడం మాత్రం తప్పనిసరి, పచ్చిగా తినకూడదు.

శెనక్కాయలు మన జిల్లాల మెట్టపంట. గుప్పెడు, అంటే 30 గ్రాములు తింటే 7 గ్రాముల మాంసకృత్తులు వస్తాయి, దానితోపాటు 12 గ్రాముల కొవ్వు కూడా వస్తుంది. అందువల్ల చట్నీలో శెనక్కాయలు ఉన్న రోజున కూరలో నూనె తగ్గించాలి. అక్టోబరు, నవంబరు నెలల్లో పచ్చికాయలు వచ్చినప్పుడు ఉప్పు వేసి ఉడికించుకొని తినడం అన్నిటికంటే మేలు. బూజు పట్టినవి, నల్లబడినవి, చేదుగా ఉన్నవి ఏరి పారేయాలి. ఆ బూజులో పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది, వేయించినంత మాత్రాన పూర్తిగా పోదు. ఒక గింజ చేదుగా తగిలితే ఊరకే మింగేయకుండా ఉమ్మేయాలని పిల్లలకు నేర్పాలి.

నువ్వులు రోజుకు ఒక చెంచా చాలు. వేయించి పొడి చేసి కూర మీద చల్లుకోవచ్చు. అవిసె గింజలు కూడా అంతే, అయితే పొడి చేయకుండా తింటే నమలకుండానే లోపలికి పోయి అలాగే బయటికి వస్తాయి. చియా గింజల్లో దొరికే ఒమేగా-3 కొవ్వు వీటిలోనూ ఉంది.

పండ్లు

దిగుమతి అయిన బెర్రీ పండ్ల చిన్న డబ్బా కొనే డబ్బుతో మన బజారులో వారానికి సరిపడా జామకాయలు వస్తాయి, జామలో 100 గ్రాములకు 200 మిల్లీగ్రాములకు పైగా సి విటమిన్ ఉంటుంది. కార్తీకంలో వచ్చే ఉసిరికాయ ఒకటి తింటే ఆ రోజుకు కావలసిన సి విటమిన్ దాదాపు తీరిపోతుంది. జూన్, జూలైలలో నేరేడు, వానాకాలం ముగిసేవేళ కొండ పక్కల నుంచి వచ్చే సీతాఫలం, ఏడాది పొడవునా బొప్పాయి. మామిడి గురించి చిత్తూరువారికి నేను చెప్పవలసింది ఏమీ లేదు, ఒక్కటి తప్ప: పండును కోసుకొని తినాలి, గుజ్జు డబ్బాగా తాగకూడదు.

ఏవి వీటితో తీరవు, ఎవరు జాగ్రత్త పడాలి

ఎన్ని ఆకులు, గింజలు తిన్నా బి12 విటమిన్ రాదు. అది పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసం నుంచే వస్తుంది. శాకాహారులు పాలు, పెరుగు మానేసి చిరుధాన్యాలతో సరిపెట్టుకోవడం పొరపాటు. డి విటమిన్‌కు ఎండే ప్రధాన ఆధారం. గుడ్డును సూపర్‌ఫుడ్ అని ఎవరూ పొట్లం మీద రాయరు కానీ, ధరకు తగ్గ పోషకాల్లో దాన్ని మించినది తక్కువ.

మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఆకుకూరలు, గింజలు, పండ్లు పెంచే ముందు తప్పక వైద్యుణ్ని అడగాలి, పొటాషియం వారికి ప్రమాదం తేవచ్చు. మూత్రపిండాల్లో రాళ్ళు వచ్చే తత్వం ఉన్నవారికి ఆక్సలేట్లు ఎక్కువగా ఉండే పాలకూర, తోటకూర, నువ్వులు మితంగా ఉండాలి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారు ఆకుకూరలను ఒక రోజు ఎక్కువ, ఒక రోజు తక్కువ తినకూడదు, వాటిలోని కె విటమిన్ మందు పనిని మారుస్తుంది. మధుమేహానికి మాత్రలు వాడేవారు తిండి మార్చినప్పుడు చక్కెరను తరచుగా చూసుకోవాలి. ఆరు నెలలు దాటిన పసిపిల్లలకు మొలకల రాగి పిండిని పలచని గుడ్డలో జల్లించి జావ కాచి ఇవ్వవచ్చు, ఏడాది నిండేదాకా అందులో తేనె కలపకూడదు.

ఆఖరుగా పిండి విషయం. పొట్లాల్లో దొరికే పిండి కంటే గింజలు కొని పట్టించుకొన్నదే నమ్మకం. గింజల్లో రాళ్ళు, మన్ను ఉంటాయి కాబట్టి రెండు మూడు సార్లు కడిగి, గాలించి, పూర్తిగా ఆరబెట్టాలి. తడి మిగిలితే పిండి బూజు పడుతుంది. రెండు కిలోలకు మించి ఒకేసారి పట్టించకూడదు. మిషనుకు వెళ్ళినప్పుడు మన కంటే ముందు ఏం పట్టారో తప్పక అడగాలి. నేను ఒకసారి అడగకుండా ఇచ్చి, కారప్పొడి తర్వాత పట్టిన రాగి పిండిని ఇంటికి తెచ్చుకొన్నాను. వారం రోజుల పాటు మా ఇంటి అంబలికి పచ్చిమిరపకాయ వేయవలసిన అవసరం రాలేదు.